దస్తగిరి గొంతు, జరీనా నంబరు

బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా నోటితో అందరూ మానుకోట అనే ఆ ఊళ్లో, దస్తగిరి ముఖం తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. గొంతు తెలియనివాళ్లు మాత్రం లేరు. ఆటోకు కట్టిన మైకులో చీరల దుకాణం తగ్గింపు ధరలు చెప్పేది ఆయనే. ఎలక్షన్లప్పుడు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం దాని మీద పోటీ చేసే పార్టీకి, అంతే ప్రేమగా ఓట్లు అడిగేదీ ఆయనే. కొత్తగా పెట్టిన హోటల్లో బిర్యానీ ఘుమఘుమలాడుతోందని ఆయన చెబితే, తిని వచ్చిన తర్వాత కూడా జనం నమ్మేవాళ్లు.

చిన్నప్పుడు ఆయనకు రేచీకటి అన్నారు. పెళ్లయ్యాక పట్టపగలు కూడా మసకేసింది. నలభై నిండకముందే ఆ మసక కూడా మిగల్లేదు. అయినా పని ఆగలేదు. ముందు గదిలో కిటికీ పక్కన ఒక కంప్యూటర్, దానికొక మైకు, చెరో పక్క మూరెడెత్తు స్పీకర్లు ఉంటాయి. తెర మీద ఏముందో పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. నోట్లో గోలీలు పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. దస్తగిరి దానికి పంతులమ్మ అని పేరు పెట్టాడు. పంతులమ్మ చదువుతుంటే మీటలు నొక్కుకుంటూ గొంతు రికార్డు చేస్తాడు, తప్పులు కోసేస్తాడు, వెనక సంగీతం కలుపుతాడు. ఆయన భార్య జరీనా ఆ గదిలోనే కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. కొత్త డిజైన్లు చూడాలన్నా, పాటలు వినాలన్నా ఆమెకూ ఆ కంప్యూటరే దిక్కు.

అద్దం ఫోన్లంటే దస్తగిరికి ఒళ్లు మంట. వేలు ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి తెరుచుకుంటుందని తిట్టి, మీటల ఫోనే జేబులో వేసుకు తిరిగేవాడు. గిరాకీలు పంపే మెసేజీలు, ఫైళ్లు దాంట్లోకి రావు. అందుకని వాళ్లందరి దగ్గరా ఉన్నది జరీనా అద్దం ఫోను నంబరు. దస్తగిరితో పని ఉంటే జరీనాకు చెప్పాలి, దస్తగిరి ఒప్పుకున్నాడో లేదో జరీనా చెబుతుంది. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి కాదు, అలా కుదిరిపోయిందంతే. కుదిరిపోయినవాటి గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు.

ఈమధ్య దస్తగిరి కాలు ఒకచోట నిలవడం లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బస్టాండ్లలో బస్సుల రాకపోకలు మైకులో చెప్పించే పనిని ఒక ప్రైవేటు కాంట్రాక్టరు తీసుకున్నాడు. గొంతు కోసం వెతుకుతున్నారని తెలిసి దస్తగిరి నమూనా రికార్డు చేసి పంపాడు. ఆటో మైకులోని గొంతు గల్లీ మలుపు తిరిగితే పోతుంది, వినేవాడు దాన్ని వింటూనే పక్కవాడితో మాట్లాడుకుంటాడు. బస్టాండులో అలా కాదు. జనం మాటలు ఆపి వింటారు, విన్నది నమ్మి పిల్లల్ని చంకనేసుకుని బస్సెక్కుతారు. దస్తగిరికి ఆ పని కావాలి. వయసులో ఉన్నప్పుడు కూడా ఆయన దేన్నీ ఇంతగా కోరుకోలేదు.

"ఫోనొచ్చిందా?" అని లేవగానే అడిగేవాడు.

"రాలే," అనేది జరీనా.

అన్నం ముందు కూర్చుని మళ్లీ అడిగేవాడు. ఆమె మళ్లీ రాలే అనేది. తిని చెయ్యి కడుక్కుని గోడ తాకుతూ గల్లీ చివరిదాకా పోయి, అక్కడ ఏమీ పని లేక వెనక్కి వచ్చేవాడు. మంచం మీద పడుకుంటే మంచం గుచ్చుకునేది. అరుగు మీద కూర్చుంటే పక్కింటి టీవీ చెవిలో దూరేది. సిగ్గు విడిచి పక్కింటివాళ్ల ఫోను మోగినా తల తిప్పేవాడు.

ఆ చిరాకు కొంత కంప్యూటర్ మీద పడింది. న్యాయంగా చూస్తే తప్పు కూడా దానిదే. ఏ ఫైలు నొక్కితే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో నీ ఇష్టం, చెప్పు అని అది మర్యాదగా అడుగుతుంది. తన రికార్డింగులన్నీ తను కోతపెట్టే ఎడిటర్లోనే తెరుచుకోవాలని దస్తగిరి చెప్పాడు. సరేనంది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ మాట మరిచిపోయి, తనతోపాటు వచ్చిన ప్లేయర్లో తెరిచి పెట్టేది. ఆ ప్లేయర్లోకి పోతే పంతులమ్మకు నోరు పెగలదు. దస్తగిరి మీటలన్నీ తడుముకుంటూ దారి తప్పి కూర్చునేవాడు. మళ్లీ సెట్టింగులు మార్చేవాడు, మళ్లీ అది మార్చేసేది.

చివరికి జనగామలో కంప్యూటర్లు బాగుచేసే సందీప్‌కు ఫోన్ చేశాడు. ఆటో మైకుల రోజుల నుంచీ స్నేహితుడు.

"సందీపూ, గిది నా ఇంట్ల ఉంటది, నా కరెంటు తింటది. నా మాటెందుకు వినదు?"

"దానికి గదే అలవాటన్నా. ఒక చిన్న ప్రోగ్రాం ఉన్నది, ఏసుకో. వెనక కూసుంటది, ఉన్నట్టు సుత తెల్వది. సిస్టం ఏదన్న ఫైలును తన ప్లేయర్‌కు పంపవోతే నడుమనే పట్టుకొని నువ్వు చెప్పినదానికి పంపుతది. ఎన్ని అప్‌డేట్లొచ్చినా నీ మాటే నడుస్తది."

"గసొంటిది మనుషులకు సుత ఉంటే మంచిగుండు," అని దస్తగిరి నవ్వాడు.

సందీప్ ఫోన్లో చెబుతుంటే, పంతులమ్మ గొణుగుతుంటే, ఆ చిన్న ప్రోగ్రాం ఎక్కింది. ఒక రికార్డింగు నొక్కాడు. నేరుగా ఎడిటర్లో తెరుచుకుంది. ఇంకోటి నొక్కాడు, అదీ అంతే. అవసరం లేనివి, ఎన్నడో మూతపడ్డ దుకాణాల ప్రకటనలు కూడా నొక్కి చూసుకున్నాడు. చాలా రోజులకు ఇంట్లో ఒక వస్తువు ఆయన మాట విన్నది. ఆ సాయంత్రం అన్నంలో ఉప్పు తక్కువైనా ఏమీ అనలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించలేదు, ఆ కంప్యూటర్ ఆయన ఒక్కడిదే కాదని. మిషను తొక్కుతూ పాటలు వినడానికి జరీనా ఎప్పుడో ఆ పాత ప్లేయర్ చప్పుడు తన ఇయర్‌ఫోన్లలోకి మాత్రమే వచ్చేట్టు పెట్టుకుంది. ఆమె ఏం విన్నా ఆమె చెవులకే తెలిసేది. ఎడిటర్ చప్పుడు మాత్రం ఆ మూరెడెత్తు స్పీకర్లలోకి పోతుంది. కొత్త ప్రోగ్రాం ఇప్పుడు ఎవరు ఏ ఫైలు నొక్కినా, నువ్వెవరని అడగకుండా, ఎడిటర్‌కే పంపుతోంది. ఈ సంగతి జరీనాకు ఎవరు చెప్పాలి? దస్తగిరి చెప్పలేదు.

మరునాడు ఆయన వాకిట్లో నల్లా కింద ముఖం కడుక్కుంటున్నాడు. లోపల జరీనా ఫోనుకు ఏదో వచ్చినట్టుంది, మిషను ఆపి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోనులోకి వచ్చిన ఫైళ్లు అందులోనూ తెరుచుకుంటాయి. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఫైలు నొక్కింది. స్పీకర్లు రెండూ ఒక్కసారి గొంతెత్తాయి.

"నమస్తే జరీనా అక్కా, కీర్తిని, బస్టాండ్ల అనౌన్స్‌మెంట్ ఆఫీసు నుంచి. అన్నకు పానం మంచిగ లేదు, రాలేడు అని మీరన్నరు కద, నేను మా సార్‌కు గదే చెప్పిన. సార్ ఇంకొకతన్ని ఖాయం చేస్త అంటున్నడు. కని నాకైతే అన్న గొంతే మనసుల పడ్డదక్కా. రేపు భూపాలపల్లి బస్టాండ్ల ట్రయల్ ఉన్నది. ఒక్కపారి అన్నను మళ్ల అడుగున్రి. ఇయ్యాల చెప్పినా పేరు ఎక్కిస్త. రాసి పంపితే అన్నకు కష్టమని, రేపు చెప్పాల్సిన మాటలు సుత గీ ఫైలులనే చదివి పెట్టిన..."

జరీనా ఆపడానికి చూసింది. రోజూ ఆపే గుర్తు ఉన్నచోట లేదు. ఎప్పుడూ చూడని కిటికీ, దాని నిండా ఎగుడుదిగుడు గీతలు. ఏది నొక్కినా గీతలు కదిలాయి గానీ గొంతు ఆగలేదు. ప్రయాణికులకు మనవి, పరకాల మీదుగా హన్మకొండ పోవు బస్సు అంటూ కీర్తి ఓపిగ్గా చదువుతూనే ఉంది. చివరికి జరీనా స్పీకర్ల తీగే పీకేసింది.

దస్తగిరి గడపలో నిలబడ్డాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఫోను రాలేదన్నవ్."

జరీనా పీకిన తీగను బల్ల మీద పెట్టింది.

"రోజు అడిగిన నిన్ను. లేవంగనే అడిగిన, తినేటప్పుడు అడిగిన."

"వచ్చింది," అంది జరీనా. "నేనే వద్దన్న."

"ఎవల్ని అడిగి వద్దన్నవ్?"

"ఎవల్ని అడగాలె? మరిపెడల నిన్ను గుంతల్నుంచి తీసిననాడు నన్నెవలన్న అడిగిన్రా, చూస్తవా, తట్టుకుంటవా అని?"

వాళ్లిద్దరూ ముద్దుముచ్చట్లు దక్కనీ ఉర్దూలో మాట్లాడుకుంటారు, కొట్లాటకు మాత్రం తెలుగు. అది పెళ్లయిన కొత్తలోనే స్థిరపడింది. గల్లీవాళ్లకు అర్థమైతే ఎవరో ఒకరు వచ్చి విడిపిస్తారన్న ఆశ కావచ్చు. ఆరోజు ఎవరూ రాలేదు.

మరిపెడ సంగతి పోయిన వానాకాలంది. దుకాణం ప్రారంభానికి మైకు చెప్పడానికి దస్తగిరి ఒక్కడే పోయాడు. పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంతలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. కబురందుకుని జరీనా వెళ్లేసరికి ఇంకా తీస్తూనే ఉన్నారు.

"నీకు కనవడలే," అంది జరీనా. "నాకు కనవడ్డది. చొక్క నిండ నెత్తురు, నోట్లె మట్టి. గంత నొప్పిల సుత నువ్వు, మైకు పలిగిందా అని అడిగినవ్. నేను దవాఖానల కూసొని ఒట్టు పెట్టుకున్న, ఇగ ఈ మనిషిని ఒక్కన్ని గడప దాటనియ్య అని. భూపాలపల్లి అంటే బొగ్గు లారీలు. రోజు పోవుడు, రోజు వచ్చుడు. నేను మిషను వదిలి రోజు నీ ఎంబడి ఎట్ల తిరుగుత?"

"తిరగమన్ననా?"

"నువ్వు అనవు. నా పానం అంటది."

అక్కడ ఆగాల్సింది. దస్తగిరి ఆగలేదు. ఇన్నాళ్లు ఎదురుచూసిన చూపంతా కోపమై గొంతులోకి వచ్చింది.

"కండ్లు పోయినయి, ఒప్పుకున్న. మిగిలింది నోరొక్కటే. గది సుత నువ్వే మూస్తవా?"

జరీనా లేచింది. లేచిన చప్పుడుకు కుర్చీ వెనక్కి పడింది.

"పో," అంది. "ఒక్కనివే పో. నేను రాను, ఎవల్ని తోడు పంపను. యాడ పోతున్నవని సుత అడగ."

మిషను దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. దస్తగిరికి ఆ చప్పుడు తెలుసు. సూది కింద గుడ్డ లేదు. ఖాళీ మిషను టకటకా చాలాసేపు నడిచింది.

ఆయనకు కోపం తగ్గలేదు. దాని కింద ఇంకోటి కూడా ఉంది. అంత మాట అనాల్సింది కాదని అప్పుడే తెలిసిపోయింది, కానీ దాన్ని వెనక్కి తీసుకునే తీరిక లేదు. స్పీకర్ల తీగ తడిమి తగిలించాడు, ఫైలు మళ్లీ పెట్టాడు, చివర కీర్తి చెప్పిన నంబరును తన మీటల ఫోనులో నొక్కాడు.

"అన్నా, మీరా?" కీర్తి గొంతులో ఆశ్చర్యం. "అక్క లేదా పక్కన? జర అక్కకిస్తరా?"

"అక్క ఉన్నది. పని నాది కదమ్మా, నాకు చెప్పు."

"గట్ల కాదన్నా, మీకు పానం మంచిగ లేదన్నరు..."

"పానం మంచిగనే ఉన్నది. కండ్లు కనవడయి. గీ రెండు ఒక్కటి కావు."

అటు పక్క కాగితాలు తిప్పిన చప్పుడైంది. "పేరు ఎక్కిస్తన్నా. పొద్దుగాల్నే రావాలె. ఎవలితోని వస్తరు?"

"నేనొక్కన్నే వస్త," అన్నాడు దస్తగిరి. అనేసి ఫోను పెట్టేసి, కర్ర ఎక్కడుందో వెతుక్కున్నాడు.

తెల్లవారి ఇస్త్రీ చొక్కా మంచం మీద పెట్టి ఉంది. జరీనా ఎక్కడుందో చప్పుడు లేదు. ఆయన పిలవలేదు. కర్ర తీసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కాడు. హన్మకొండ బస్సులో ముందు సీటు దొరికింది. నిజం చెప్పాలంటే ఆయనకు భయం వేసింది. మరిపెడ తర్వాత ఒంటరిగా ఊరు దాటడం ఇదే మొదలు. బస్సు ఆగిన ప్రతిచోటా, ఏ ఊరొచ్చింది, ఏ ఊరొచ్చింది అని పక్కవాణ్ణి అడిగాడు. పాపం ఆ పక్కవాడు నెక్కొండ రాకముందే నిద్ర నటించడం మొదలుపెట్టాడు.

హన్మకొండ బస్టాండులో దిగితే చుట్టూ చప్పుడే. భూపాలపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగితే ఒకాయన మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయి ఎటో నిలబెట్టి మాయమయ్యాడు. ఇంకొకామె అటు కాదు ఇటు అంది. అటు ఏదో ఇటు ఏదో చూడలేనివాడికి చెబుతున్నానని ఆమెకు తోచలేదు. దస్తగిరి కర్ర ఆడించుకుంటూ చప్పుడు ఎక్కువున్న వైపు నడిచాడు. ఇనుప బెంచీ కాళ్ల నడుమ నుంచి కర్ర జారిపోయింది. బెంచీ అంచు మోకాలి చిప్పకు ఫెడీమని తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బెంచీ పట్టుకుని వంగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు.

అప్పుడే ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ వెనక్కి వచ్చింది. వెనక కొద్ది దూరంలో ఎవరో తుమ్మారు. తుమ్మి, రెండోది రాబోతే కొంగులో నొక్కేశారు. నొక్కేసిన తుమ్ము సన్నగా కీచుమంది.

దస్తగిరి వీపు నిటారుగా అయింది. దుమ్ము పడితే అలా తుమ్మే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆమెతో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాడు.

ఆయనకు రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. రాను అని చెప్పి ఎందుకు వచ్చిందని ఒకటి. వచ్చింది సరే, బెంచీ ఉందని చెప్పలేదేమని ఒకటి. వెనక్కి తిరిగి అరుద్దామనుకున్నాడు. అరిస్తే అక్కడితో ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, ఇక భూపాలపల్లి దాకా వదలదు. పళ్లు కొరుక్కుని, భూపాలపల్లి, భూపాలపల్లి అని కండక్టరు అరుస్తున్న వైపు నడిచి బస్సెక్కాడు.

బస్సు కదిలాక వెనక కండక్టరు గొంతు వినిపించింది. "యాడికి పోవాలమ్మా? ఆధార్ చూపెట్టు, జీరో టికెట్ కొడుత... గా సైగలేంది? నోటితోని చెప్పరాదు? పరకాలనా? కాదా? భూపాలపల్లా? జల్ది చెప్పమ్మా, ముందట ఇంక మస్తుమంది ఉన్నరు!"

ముందు సీట్లో దస్తగిరి కిటికీ వైపు ముఖం తిప్పుకుని నవ్వాపుకున్నాడు. మోకాలు సలుపుతోంది, నవ్వు వస్తోంది. తన రెండు కోపాలకూ ఒకదానితో ఒకటి పడదని పరకాల దాటాక గానీ ఆయనకు తట్టలేదు. ఆమె చెప్పి ఉంటే తను ఎగిరిపడేవాడు. చెప్పనందుకూ ఎగిరిపడుతున్నాడు. మరి ఆమె ఏం చెయ్యాలి?

భూపాలపల్లిలో కీర్తి బస్సు దగ్గరికే వచ్చింది. చేతి మీద చెయ్యి వేయకుండా, "నా ఎనక రాన్రి అన్నా, రెండు మెట్లు ఉన్నయి," అంది. మంచి పిల్ల అనుకున్నాడు. ఎంక్వైరీ గదిలో కాంట్రాక్టరు సోమేశ్వర్ ఉన్నాడు. జనగామలో ధాన్యం వ్యాపారం చేసే సేట్ల కుటుంబం, ఈ పని కొత్తగా మొదలుపెట్టాడు. పోటీకి వచ్చిన రాహుల్ అనే కుర్రాడు అప్పటికే మైకు ముందున్నాడు. రాహుల్ గొంతు బాగానే ఉంది. కాకపోతే ప్రతి బస్సునూ సినిమా హీరోను పరిచయం చేసినట్టు పరిచయం చేశాడు. బయట బెంచీల మీద జనం తల ఎత్తి, బాగుందనుకుని, కూర్చున్నచోటే కూర్చున్నారు.

"కీర్తీ, ఈయనకు చూపు లేదు కద," అన్నాడు సోమేశ్వర్. "బస్సు మారిందనో, లేటయిందనో ఈయనకు ఎట్ల తెలుస్తది?"

"సేట్, నన్నే అడుగున్రి, చెప్త," అన్నాడు దస్తగిరి. "డిపోవాళ్లు ఫోన్లనే కద చెప్పేది. ఫోను వినుడు నాకు మంచిగ వస్తది."

సోమేశ్వర్ నవ్వాడో లేదో తెలియలేదు. దస్తగిరి మైకు ముందు కూర్చున్నాడు. కీర్తి రికార్డు చేసి పంపిన మాటలు కంఠతా వచ్చు. అయినా ముందుగా ఆమెను అడిగాడు, "ఇప్పుడు బయట నిజంగ ఏ బస్సు ఉన్నదమ్మా?" కాటారం బస్సు ఇప్పుడే పెట్టారని, రోజూ ఆగేచోట కాకుండా చివరాఖరున పెట్టారని ఆమె చెప్పింది.

"ప్రయాణికులకు మనవి. కాటారం పోయేటి బస్సు వచ్చింది. రోజు ఆగే తాన ఆగలేదు, చివరి ప్లాట్‌ఫారం మీద ఉన్నది. పిల్లలున్నోళ్లు, పెద్దమనుషులు నిమ్మళంగ రాన్రి, బస్సు ఆగుతది."

గట్టిగా ఏమీ చెప్పలేదు. పక్కింటి మనిషి వాకిట్లో నిలబడి చెప్పినట్టు చెప్పాడు. బయట సంచులు లేపిన చప్పుడు, చెప్పుల చప్పుడు, ఎవరినో తొందరపెడుతున్న ముసలమ్మ గొంతు. జనం చివరి ప్లాట్‌ఫారం వైపు కదిలారు. దస్తగిరికి కడుపు నిండింది. ఇన్ని రోజులు తను ఎదురుచూసింది ఈ చెప్పుల చప్పుడు కోసమే.

సోమేశ్వర్ కాసేపు కీర్తితో గుసగుసలాడాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "భూపాలపల్లి, మానుకోట నీకే. ఈడ కూసొని చెప్తే ఆడి మైకుల సుత వస్తది. జనగామకు మాత్రం రాహుల్ గొంతు పెడుత. మా ఊరోళ్లకు జర సినిమా గొంతంటే ఇష్టం."

జనగామ పోయినందుకు దస్తగిరికి కొంచెం మండింది. ఇంకో రోజైతే వాదన పెట్టుకునేవాడే. ఇవాళ వేరే తొందర ఉంది.

"సేట్, మైకు ఇంకొక్కపారి ఇస్తరా? నాతోని వచ్చిన మనిషి తప్పిపోయింది."

"ఒక్కన్నే వస్త అన్నరు కదన్నా?" అంది కీర్తి.

"నేను ఒక్కన్నే వచ్చిన. ఆమె సుత ఒక్కతే వచ్చింది," అని మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"దయచేసి వినండి. మానుకోట నుంచి వచ్చిన జరీనా బేగం, యాడున్నా సరే ఎంక్వైరీ గది కాడికి రావాలె. మీ ఇంటాయన మీ కోసం ఎదురుచూస్తున్నడు."

ఎవరూ రాలేదు. మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంకో ముక్క కలిపాడు. "ఆమె జర కోపం మీద ఉన్నది. తప్పు ఆమెది కాదు, ఆయనది. ఎవలకన్న కనవడితే నిమ్మళంగ చెప్పి పంపున్రి."

బస్టాండంతా నవ్వింది. ఆ నవ్వుల్లో నుంచి వడివడిగా ఒక అడుగుల చప్పుడు వచ్చి గది బయట ఆగింది. దస్తగిరి మైకు ఆపి లేచి వెళ్లాడు.

"నా పేరు జిల్లకంత తెలిసింది ఇయ్యాల," అంది జరీనా. గొంతులో ఏడుపూ ఉంది, తిట్టూ ఉంది. "ఎప్పుడు ఎరికైంది నీకు?"

"హన్మకొండల."

"మరి ఒక్క మాటన్న అనకపోతివి?"

"నువ్వన్నవా, ఫోనొచ్చిందని?"

కాటారం బస్సు కదిలిన చప్పుడైంది.

"మోకాలు ఎట్లున్నది?" అంది జరీనా.

"వాసింది. బెంచి ఉన్నదని ఒక్క కేక ఎయ్యకపోతివి."

"ఎయ్యొద్దనే కద నువ్వు నాతోని కొట్లాడింది!" జరీనా కొంగుతో ముఖం తుడుచుకుంది. "దూరం నుంచే కనవడ్డది నాకు ఆ బెంచి. నువ్వు సీద దాని మీదికే పోతున్నవ్. కొంగు నోట్లె కుక్కుకున్న. ఉరికొచ్చి పట్టుకుందమని కాళ్లు గుంజుతుంటే, స్తంభం పట్టుకొని నిలవడ్డ. నీకు తాకినప్పుడు నేను చూసిన. చూసి ఊకున్న. మరిపెడల సుత గంత బాధ కాలే నాకు."

ఆ బెంచీ దగ్గర వంగి నిలబడ్డప్పుడు తనకెవరూ లేరనుకున్నాడు దస్తగిరి. ఆమె వెనక స్తంభం పట్టుకుని ఉంది, అదీ తను అడిగినందుకే. తన మానాన తనను వదలమనడం ఆమెకు ఎంత కష్టమో ఒక్కనాడూ తూచి చూడలేదు. ఆయనకు సిగ్గేసింది. చెయ్యి చాచి ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చల్లగా, చెమటతో తడిసి ఉంది.

"తిరుగు బస్సుల పక్క సీట్లె కూసో," అన్నాడు. "బెంచీలొస్తే చెప్పు. గుంతలొస్తే చెప్పు, ఎగిరిపడ. ఫోనొస్తే మాత్రం నాకియ్యి."

జరీనా తలూపింది. తలూపితే ఆయనకు తెలియదని గుర్తొచ్చి, "సరే," అని నోటితో చెప్పింది.